మన మూడు ఊళ్ళు, నేను చదివిన ప్లానింగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "డాక్టర్లు మాట్లాడేశారు, సాఫ్ట్‌వేరు వాళ్ళు మాట్లాడేశారు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ప్రతి ఏడూ మాట్లాడతానే ఉంటారు. నువ్వు చదివిందేమిటో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు, అది చెప్పమ్మా" అన్నారు. పదిహేను నిమిషాలు ఇచ్చారు. అయిదు నిమిషాలు ఎక్కువైతే క్షమించాలి.

నేను చదివింది మాస్టర్ ఆఫ్ ప్లానింగ్. తెలుగులో పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక అంటారు. సివిల్ ఇంజినీరింగు అయ్యాక విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో రెండేళ్ళు చదివాను. ఇంట్లో ఈ సంగతి చెప్పిన రోజు మా మేనత్త ప్లానింగు అంటే కుటుంబ నియంత్రణ అనుకుని, "దానికి రెండేళ్ళ చదువెందుకే?" అంది. మా నాయన మున్సిపాలిటీలో ఇంటి ప్లాన్లు పాసు చేసే ఉద్యోగం అనుకున్నాడు. పక్కింటాయన తన ఇంటికి ఈశాన్యం పెరిగిందో తగ్గిందో చూడమని కాగితం పట్టుకొచ్చాడు. ముగ్గురిలో కాస్త దగ్గరికొచ్చింది నాయనే.

ఇంటి రూపం ఆర్కిటెక్టు చూసుకుంటాడు, అది పడిపోకుండా నిలబెట్టడం ఇంజినీరు పని. ఆ ఇల్లు అసలు అక్కడ ఉండవచ్చునా, దానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, వాడిన నీళ్ళు ఎటు పోతాయి, ఆ ఇంటి పిల్లలు బడికి ఎంత దూరం నడవాలి, ఇరవై ఏళ్ళకు ఆ వీధిలో ఎన్ని ఇళ్ళు ఉంటాయి, ఇవన్నీ అడగవలసినవాడు ప్లానరు. ఒక ఊరి గురించి అడిగితే పట్టణ ప్రణాళిక. నాలుగు ఊళ్ళు, వాటి మధ్య పొలాలు, వంకలు, అడవి, రోడ్లు కలిపి అడిగితే ప్రాంతీయ ప్రణాళిక. రెండోది కష్టం. నాకు ఇష్టమైంది కూడా అదే.

పిల్లల్ని ఇటు పంపాలనుకునే వాళ్ళ కోసం రెండు మాటలు. ఆర్కిటెక్చర్, ప్లానింగ్, సివిల్ ఇంజినీరింగు డిగ్రీ ఉన్నవాళ్ళు ఇందులో చేరవచ్చు. భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రంలో ఎం.ఏ., ఎమ్మెస్సీ చేసినవాళ్ళకు కూడా చాలా చోట్ల తలుపు తెరిచే ఉంటుంది. ఈ సంగతి మన వైపు ఎవరూ చెప్పరు. గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ అని ఒక పేపరుంది. ఢిల్లీ, భోపాల్, విజయవాడ స్కూళ్ళు, ఖరగ్‌పూర్ ఐఐటీ, అహ్మదాబాదు సెప్ట్, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఇవీ తెలిసిన చోట్లు. విజయవాడ స్కూలు 2008లో మొదలైంది. అంటే మా పెద్దన్నల కాలంలో ఈ చదువుకు రాష్ట్రం దాటడమో హైదరాబాదు పోవడమో తప్పేది కాదు. ఇప్పుడు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి విజయవాడ.

మా క్లాసులో సగం మంది ఆర్కిటెక్టులు. గీతలు అందంగా గీస్తారు. నాలాంటి సివిల్ వాళ్ళం లెక్కలు వేస్తాం. ఎకనామిక్స్ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం "ఈ రోడ్డు వేస్తే లాభం ఎవరికి?" అని ప్రతిదానికీ అడిగేది. మొదట్లో విసుగనిపించేది. రెండో సెమిస్టరుకల్లా అందరమూ అదే అడగడం మొదలుపెట్టాం. ఈ కోర్సులో ముఖ్యమైంది స్టూడియో. ఒక పట్టణాన్నో ప్రాంతాన్నో తీసుకుని గుంపుగా పోయి ఇల్లిల్లూ తిరిగి, లెక్కలు రాసుకుని, మ్యాపులు గీసి, జ్యూరీ ముందు నిలబడాలి. జ్యూరీలో కూర్చున్న పెద్దవాళ్ళు రంగులు చూసి మురిసిపోరు. "బాగుందమ్మా, ఇందులో నీళ్ళు ఎటు పారతాయి?" అంటారు. రాత్రంతా మేలుకుని రంగులు నింపినవాళ్ళ ముఖాలు అప్పుడు చూడాలి.

మొదటి నెలలోనే పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు పెద్దమనిషి పరిచయమవుతాడు. ఆయన మొదట జీవశాస్త్రవేత్త. 1914లో పట్టణాల ప్రదర్శన ఒకటి తీసుకుని మన దేశానికి బయల్దేరాడు. ఎమ్‌డెన్ అనే జర్మనీ యుద్ధనౌక ఆ పటాలు, బొమ్మలు ఉన్న ఓడను ముంచేసింది. స్నేహితులు మళ్ళీ కొత్తగా పోగుచేసి పంపితే 1915లో మద్రాసులో ప్రదర్శన పెట్టాడు. మనం అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉన్నాం. ఆ ఏడే ఆయన తంజావూరు మొదలైన ఊళ్ళు తిరిగి నివేదికలు రాశాడు. ఇరుకు వీధులున్నాయని ఇళ్ళు కూలగొట్టి వెడల్పు రోడ్డు వేయాలని ఇంజినీర్లు ప్రతిపాదిస్తే, ఆయన ఆ వీధుల్లో కాలినడకన తిరిగి, ఇక్కడ ఒక పాడుబడ్డ గోడ తీసేయండి, అక్కడ ఖాళీ జాగాలో చెట్టు నాటండి, చాలు, అన్నాడు. తక్కువ కోతతో చేసే వైద్యం అది. అయిదేళ్ళు తిరక్కుండా, 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఆ చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరుతో కొనసాగింది.

ఆయన గీసిన బొమ్మ ఒకటి ప్రతి ప్లానింగు విద్యార్థి పుస్తకంలోనూ ఉంటుంది. కొండ మీది నుంచి సముద్రం దాకా ఒక లోయను నిలువునా కోసి చూపిస్తాడు. పైన గనులు, అడవి, కింద గొర్రెల కాపరి, ఆ కింద సేద్యగాడు, చివర్న రేవుపట్నం. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు హార్స్‌లీ కొండలు కనిపించాయి. కొండ దిగితే మేకలు, ఆ కింద వేరుశెనగ చేలు, చెరువు కింద మడి, ఆ తర్వాత మదనపల్లె. ఒక్క సముద్రమే లేదు మనకు.

రెండో పెద్దమనిషి జర్మనీవాడు, వాల్టర్ క్రిస్టాలర్. 1933లో దక్షిణ జర్మనీ ఊళ్ళను పట్టి చూసి, ఊళ్ళకు ఒక వరస ఉంటుందన్నాడు. ఉప్పూ పప్పూ పల్లెలోనే దొరుకుతాయి, ఎరువుల కోసం మండలానికి పోతాం, గుండెనొప్పి వస్తే పెద్ద ఊరికి పరిగెత్తుతాం. ఏ సరుకుకు, ఏ సేవకు ఎంత దూరం పోతామన్న దాన్నిబట్టి చిన్న ఊరు, నడిమి ఊరు, పెద్ద ఊరు ఏర్పడతాయి. కాగితం మీద గీస్తే తేనెపట్టులా ఆరు పలకల గళ్ళు వస్తాయి. దీన్నే మన దగ్గర పరీక్షించి చూసిన పని ఒకటి తెలుగు నేలలోనే జరిగింది. హైదరాబాదులోని జాతీయ సామాజికాభివృద్ధి సంస్థ వాళ్ళు మిర్యాలగూడ తాలూకా పల్లెలన్నీ పట్టి చూసి, ఏ ఊళ్ళో బడి, ఏ ఊళ్ళో ఆసుపత్రి పెడితే చుట్టుపక్కల వాళ్ళకు అందుబాటులో ఉంటుందో లెక్కగట్టి 1971లో పుస్తకం వేశారు. దేశంలో ప్రాంతీయ ప్రణాళిక చదివేవాళ్ళకు ఇప్పటికీ మిర్యాలగూడ తెలుసు. ఉత్తరాది క్లాసుమేట్లు ఆ పేరు పలకలేక అవస్థ పడుతుంటే మాకదో సంబరం.

ఇక మన సంగతి. నా థీసిస్సుకు మన పడమటి మండలాలే తీసుకున్నాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. కారణం పెద్దదేమీ కాదు. నేను పుట్టింది మదనపల్లె దగ్గర, మా అమ్మది పుంగనూరు, మేనత్తను ఇచ్చింది కుప్పం. చిన్నప్పటి నుంచి ఆ దారిలో ఎన్నిసార్లు బస్సులో వాంతి చేసుకున్నానో లెక్క లేదు. ఇప్పుడది 42వ జాతీయ రహదారి. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులో కృష్ణగిరికి పోతుంది. మన మూడు ఊళ్ళూ ఒకే దారానికి గుచ్చిన పూసలు. మదనపల్లె నుంచి కుప్పానికి దాదాపు 100 కిలోమీటర్లు.

మదనపల్లె అనగానే జనగణమన సంగతి చెప్పాలంటారు. అది మీ అందరికీ కంఠతా వచ్చు, వదిలేస్తున్నాను. ప్లానరు కళ్ళతో చూస్తే ఇక్కడ మొదట కనబడేది టమోటా మార్కెట్టు. క్రిస్టాలర్ లెక్కలో మదనపల్లె ఒక నడిమి పట్టణం, చుట్టూ కొన్ని మండలాలకు కేంద్రం. టమోటాకు మాత్రం దాని పరిధి ఎన్నో రాష్ట్రాలు. కర్ణాటక నుంచి కాయ వస్తుంది, ఉత్తరాదికి లారీలు పోతాయి. 2023 జూలై ఆఖరులో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడు దేశమంతా మన ఊరి పేరు చదివింది. కొద్ది వారాలకే ధర పడిపోయింది, అప్పుడు ఎవరూ చదవలేదు. ఇంత సరుకు పోయే ఊరికి రైలు స్టేషను ఎక్కడుంది? ఊరికి దూరంగా, సి.టి.ఎం. దగ్గర. పాకాల, ధర్మవరం మధ్య మీటరు గేజి కాలంలో వేసిన లైను అది. రైలు గీత ఎక్కడ పడిందన్నది ఆ తర్వాత నూరేళ్ళు ఊరి నడకను నిర్ణయిస్తుంది. మనం లారీల ఊరు కావడానికి అదొక కారణం.

కుప్పం కథ వేరు. అది మద్రాసు, బెంగుళూరు రైలు మార్గం మీదుంది. జిల్లా కేంద్రం చిత్తూరు కంటే కృష్ణగిరి, కోలారు బంగారు గనుల ఊరు దానికి దగ్గర. కూలికీ, ఉద్యోగానికీ రోజూ బెంగుళూరు రైలెక్కేవాళ్ళున్నారు. బజారులో మూడు భాషలు వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ పెట్టడం ఊరికే జరగలేదు. కాని మ్యాపు గీయబోతే ఏమైందంటే, మన రాష్ట్రం లెక్కలు రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయాయి. జనాభా, బస్సులు, ఆసుపత్రులు, ఏ మ్యాపు చూసినా గీతకు ఇవతల రంగు, అవతల తెల్లకాగితం. మనుషులు మాత్రం అక్కడ ఆగరు కదా. మా మేనత్త ఇంట్లో బీరువా పైన పెట్టిన పెళ్ళి పత్రికలన్నీ దించి, ఏ ఊరి సంబంధాలో చూశాను. ముల్బాగలు, కె.జి.ఎఫ్., వాణియంబాడి, కృష్ణగిరి. దాన్ని థీసిస్సులో పెట్టలేదు. కాని కుప్పం అసలు ప్రాంతం ఏదో ఆ పత్రికలే నాకు ముందు చెప్పాయి. ప్రభుత్వ లెక్కలు ఆ తర్వాత.

పుంగనూరును అందరూ పొట్టి ఆవు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. క్రిస్టాలర్ చెప్పినదాని ప్రకారం రెండు పెద్ద ఊళ్ళ మధ్య ఉన్న ఊరు చిక్కుల్లో ఉంటుంది. అరగంటలో మదనపల్లె చేరగలిగినప్పుడు పుంగనూరులో స్పెషలిస్టు డాక్టరు ఎందుకుంటాడు? జమీందారీ కాలం నుంచి పేరున్న ఊరు, మున్సిపాలిటీ ఉన్న ఊరు. అయినా పెద్ద పని పడితే బస్సెక్కాలి. పలమనేరు, కుప్పం, మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ అని 2019లో ఏర్పాటయినప్పుడు ఆ పేరులో పుంగనూరు లేకపోవడం చూసి మా అమ్మ వాళ్ళ వైపు వాళ్ళు నన్ను నిలదీశారు, నేనే పెట్టినట్టు.

ఆ సంస్థ ఏర్పడింది నా థీసిస్ నడుస్తున్న ఏడే. కాబట్టి పుస్తకాల్లో చదివింది కళ్ళ ముందు జరుగుతున్నట్టు అనిపించింది. అంతవరకు మున్సిపాలిటీ గీత లోపలే ప్లానింగు, గీత దాటితే పంచాయతీ. ఊరు మాత్రం గీత దాటి ఎప్పుడో పోయింది. ఊళ్ళనూ పల్లెలనూ కలిపి చూసే సంస్థ అవసరమే. కాని రెండు సంగతులు గమనించాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. ఇది మొదటిది. రెండోది నీళ్ళు. మదనపల్లె బాహుదా నీళ్ళు చెయ్యేటిలో కలిసి పెన్నకు పోతాయి. కుప్పం వైపు పాలారు, పలమనేరు కౌండిన్య కూడా చివరికి పాలారుకే. అంటే మనం ఒకే పేరు కింద పెట్టిన నేల రెండు నదుల మీద కూర్చుని ఉంది. నడుమ కౌండిన్య అడవి, అందులో ఏనుగులు. వాటి దారి మన రంగుల మ్యాపులో ఎక్కడా లేదు. చేలల్లో పడ్డాక రైతుకు తెలుస్తుంది.

ఇక్కడ జనగణన వాళ్ళ నిర్వచనం ఒకటి చెప్పాలి. మున్సిపాలిటీ కాని ఊరిని పట్టణంగా లెక్కించాలంటే 5,000 జనాభా ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మగవాళ్ళలో అని మళ్ళీ చదవండి. పొద్దున్నే మార్కెట్టుకు పోయి కాయ ఏరే ఆడవాళ్ళు, నీరుగట్టువారిపల్లెలో మగ్గం పనికి కండెలు చుట్టే ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా వాళ్ళ వల్ల ఊరు పట్టణం కాదు. క్లాసులో ఇది విన్న రోజు నేను, ఆ ఎకనామిక్స్ అమ్మాయి మెస్సులో గంటసేపు దీని గురించే మాట్లాడుకున్నాం.

థీసిస్ పనిలో ఎక్కువ రోజులు చెరువుల దగ్గరే గడిచాయి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు, గ్రామ నక్ష, ఇస్రో భువన్ ఉపగ్రహ చిత్రాలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తాం. మన చెరువులు విడివిడిగా లేవు. పై చెరువు మరవ పారితే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి, అది నిండితే ఇంకో దానికి. గొలుసు. ఇందులో చెరువు పోయిందంటే అందరికీ కనబడుతుంది, పేపర్లో వస్తుంది. వంక పోతే కనబడదు. ఎండాకాలంలో అది పది అడుగుల కంపచెట్ల సందు. ప్లాట్లు వేసేవాడు చదును చేస్తే చక్కటి రోడ్డవుతుంది. కింది చెరువు ఎందుకు నిండలేదో ఆ ఊరివాళ్ళకు నాలుగేళ్ళ దాకా అర్థం కాదు, వాన తక్కువైందనుకుంటారు. ఆ తర్వాత ఒక ఏడు గట్టి వాన పడితే ఆ రోడ్డు మీది ఇళ్ళల్లోకి నీళ్ళొస్తాయి. రెండూ ఒకే వంక వల్ల.

ఊరి పేరు చెప్పను. మదనపల్లెకు దగ్గర్లో ఒక పల్లె, పట్టణం అంచు దాకా వచ్చేసింది. మ్యాపు పట్టుకుని చెరువుకట్ట మీద తిరుగుతుంటే ఒక పెద్దాయన వచ్చాడు. మూడెకరాలుంది ఆయనకు. నా కాగితం వైపు చూసి, "మా మడి ఏ రంగులో ఏసినావు మ్మా?" అన్నాడు. "పచ్చ తాతా" అన్నాను. "ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

నేను ఆగిపోయాను. ప్లానింగు మ్యాపుల్లో పసుపు అంటే ఇళ్ళ స్థలం, ఆకుపచ్చ అంటే సేద్యం. ఆయనకు ఆ తేడా నాకంటే బాగా తెలుసు. పక్క ఊళ్ళో పసుపు పడ్డ వాళ్ళు అమ్ముకున్నారు. ఆకుపచ్చ పడితే ఆ ధర రాదు. ఆయన బోరు ఎండిపోయి రెండేళ్ళయింది, కూతురి పెళ్ళి అప్పు తీరలేదు. "చెరువు బతకాల, నిజమే. మా తాతలనాటి చెరువు. దాన్ని బతికించేదానికి నా మూడెకరాలే దొరికినాయా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు రెండేళ్ళ కోర్సులో సిద్ధంగా ఉన్న జవాబు లేదు. కొన్ని దారులు చదివాం. అభివృద్ధి హక్కులను మరో చోటికి బదలాయించే పద్ధతి ఉంది. భూములన్నీ కలిపి, రోడ్లకూ కాలువలకూ వదిలి, మిగిలింది అందరికీ వాటా ప్రకారం తిరిగి పంచే పద్ధతి గుజరాతులో, మహారాష్ట్రలో చాలాకాలంగా ఉంది. నష్టం ఒక్కడి నెత్తిన పడకుండా చూడడమే వీటి ఉద్దేశం. కాగితం మీద బాగుంటాయి. మూడెకరాలున్న ఆయనకు మాత్రం డబ్బు ఎప్పుడు వస్తుందన్నదే లెక్క. నా థీసిస్సులో ఆ మడిని ఆకుపచ్చలోనే ఉంచాను, వంకకు రెండు వైపులా ఖాళీ వదలాలని రాశాను, ఆ నష్టానికి పరిహారం ఉండాలని ఒక అధ్యాయం చేర్చాను. జ్యూరీలో ఎక్కువ ప్రశ్నలు ఆ అధ్యాయం మీదే వచ్చాయి. విద్యార్థి గీసిన మ్యాపు కాబట్టి ఆయన బతుకు దాంతో మారలేదు. రేపు ప్రభుత్వం గీసే మ్యాపుతో మారుతుంది.

అందుకే ఈ సభలో ఒక మాట అడుగుతున్నాను. ఏ ఊరికైనా, ప్రాంతానికైనా మాస్టర్ ప్లాను వేసేటప్పుడు ముందు ముసాయిదా ప్రకటించి, ఇంత గడువులోగా అభ్యంతరాలు, సూచనలు ఇవ్వండని అడుగుతారు. పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది, ఆఫీసులో గోడకు మ్యాపు తగిలిస్తారు. చూడడానికి వచ్చేదెవరు? ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటున్నారు. మన బడిలో చదివి రిటైరైన రెవెన్యూ వాళ్ళున్నారు, సర్వేయర్లున్నారు, ఇరిగేషను వాళ్ళున్నారు, భూగోళం చెప్పిన అయ్యవార్లున్నారు. గ్రామ నక్ష చూసి వంక పోరంబోకు ఎక్కడుందో వేలు పెట్టి చూపగలిగిన చివరి తరం మీరే. ఆ మ్యాపు ముందు మీలో నలుగురు నిలబడి సర్వే నంబరుతో సహా కాగితం రాసిస్తే, దాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం.

పిల్లల ఉద్యోగాల సంగతి కూడా అడిగారు. టౌన్ అండ్ కంట్రీ ప్లానింగు శాఖ ఉంది, పట్టణాభివృద్ధి సంస్థలున్నాయి, 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగు కార్యదర్శులున్నారు, ప్రైవేటు కన్సల్టెన్సీలున్నాయి. నేను అలాంటి దాంట్లోనే చేస్తున్నాను. సాఫ్ట్‌వేరు జీతం రాదు. మా నాయన ఇప్పటికీ ఎవరైనా అడిగితే "మ్యాపుల ఉద్యోగం" అని చెప్పి మాట మారుస్తాడు. అయితే పోయిన ఏడు పక్క పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతుతుంటే ఫోను చేసి, "మన వంక ఎంత వెడల్పని ఉందే నీ కాగితంలో?" అని అడిగాడు.

ఆ మ్యాపు తెచ్చాను. మన తొమ్మిదో తరగతి గదిలో గోడకు తగిలించాను, మూడు ఊళ్ళూ ఉన్నాయి. వంకలు నాకు దొరికినంతవరకే గీశాను, చాలా చోట్ల మధ్యలో తెగిపోయి ఉంటాయి. పక్కనే ఎర్ర పెన్సిలు కట్టి ఉంది. భోజనాలయ్యాక వచ్చి మీ ఊరి దగ్గర వంక ఎటు పోయేదో, ఏ చెరువులో కలిసేదో గీయండి. పక్కన మీ బ్యాచీ సంవత్సరం రాయండి, ఎప్పటి మాటో తెలియాలి. సాయంత్రం అయిదింటికి గది తాళం వేస్తారట.